గైడ్స్ పుట్టుక కథ పిల్లలకి ఎలా చెప్పాలి

ఫిబ్రవరి 22, అంటే ప్రపంచమంతా గైడ్స్ జరుపుకునే థింకింగ్ డే, దగ్గర పడుతోందంటే కొత్త గైడ్ కెప్టెన్ల (స్కౌట్ల లాంటి ఆడపిల్లల జట్లని నడిపేవాళ్ళ) నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, థింకింగ్ డేకి హిస్టరీ చెప్పాలట, ఏం చెప్పమంటారు?" మొదటి ఏడాది నేనూ చార్టు నిండా తేదీలు రాసుకెళ్ళి చదివేశాను. పది నిమిషాలు కాకముందే వెనక వరసలో ఒకమ్మాయి పక్కమ్మాయికి జడ వేస్తోంది. ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. గంట టైము, కొన్ని కాగితం ముక్కలు, పెన్సిళ్ళు, ఒక ప్రపంచ పటం ఉంటే చాలు.

స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవల్ జీవిత చరిత్రతో మొదలుపెట్టకండి. ఆయన అబ్బాయిల కోసం రాసిన స్కౌటింగ్ పుస్తకం 1908లో వచ్చింది, ఆడపిల్లలూ కొనుక్కుని చదివేశారు. ఆ మాట ఒక్కటి చాలు. పిల్లలు రాగానే తలా ఒక కాగితం ముక్క ఇచ్చి, పేరు రాయొద్దు, ఇనీషియల్స్ మాత్రమే రాయమనండి. ఇంటిపేరుకి ఒకటి, పేరుకి ఒకటి. అన్నీ పోగుచేసి హాజరు తీస్తున్నట్టు చదవండి. "కె.ఎల్. ఎవరు? లక్ష్మణరావా?" నవ్వులు మొదలవుతాయి. లక్ష్మి లేచి, నేను మేడమ్ అంటుంది. అప్పుడు చెప్పండి: ఇంగ్లండులో చాలామంది ఆడపిల్లలు సరిగ్గా ఇలాగే ఇనీషియల్స్ రాసి పంపి స్కౌట్లుగా పేరు నమోదు చేయించుకున్నారు. రెండక్షరాల్లో ఆడో మగో ఎవరికి తెలుస్తుంది?

వెంటనే 1909 సెప్టెంబర్ 4కి వెళ్ళండి. లండన్ క్రిస్టల్ పాలెస్ దగ్గర పదివేలకు పైగా స్కౌట్ అబ్బాయిల ర్యాలీ. దీన్ని ఆడించాలి. ఎక్కువమందిని అబ్బాయిలుగా నడిపించి, నలుగురైదుగురిని ఆడపిల్లలుగానే చివర కలపండి. పెద్దాయన, అంటే బేడెన్ పవల్, వేషం వేసిన పిల్ల వచ్చి, మీరెవరని అడుగుతుంది. గర్ల్ స్కౌట్లం అని వాళ్ళ జవాబు. పెద్దాయన మొహం ఎలా పెట్టాలో పిల్లలకే వదిలేయండి, మనకన్నా బాగా పెడతారు.

ఆ తర్వాతి ఏడాది, 1910లో, గర్ల్ గైడ్స్ మొదలైంది. నడిపే బాధ్యత బేడెన్ పవల్ చెల్లెలు ఆగ్నెస్‌ది. గైడ్స్ అన్న పేరు బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దులో పనిచేసిన 'కోర్ ఆఫ్ గైడ్స్' సైనిక దళం నుంచి వచ్చింది. ఇక్కడ మా పిల్లలు ఎప్పుడూ చెవులు నిక్కబొడుచుకుంటారు.

ఇప్పుడు పెట్రోల్ సంగతి. బండిలో పోసేది కాదు, ఆరేడుగురి జట్టు. అబ్బాయిల జట్లకి జంతువుల పేర్లుండేవి, అమ్మాయిలూ అవే పెట్టుకున్నారు. గైడ్స్ అయ్యాక పువ్వుల పేర్లు పెట్టుకోమన్నారు. ముందు మీ పిల్లల్ని తమ జట్లకి నచ్చిన జంతువు పేరు పెట్టుకోనివ్వండి. పది నిమిషాలయ్యాక, అది కుదరదు, మల్లెలో చామంతులో కావాలి అనండి. వచ్చే గొడవని ఆపకండి, ఆ రోజు పాఠం అదే. స్కౌట్లన్న పేరు పోయినందుకు అప్పటి పిల్లలు ఎందుకు అలిగారో వేరే చెప్పక్కర్లేదు.

1912లో గైడ్స్‌కి వచ్చిన మొదటి హ్యాండ్‌బుక్ పేరులోనే సామ్రాజ్యాన్ని నిలబెట్టడంలో ఆడపిల్లల సాయం అన్న మాట ఉంది. దాన్ని దాచొద్దు. ఏడో తరగతి పిల్లలు ఇలాంటివి ఇట్టే పట్టుకుంటారు, మనం తప్పించుకుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

కాస్త డల్ అయినట్టనిపిస్తే చీటీ ఆట పెట్టండి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ5 కబుర్లు మోయడానికి ముందు బాయ్ స్కౌట్లని పెట్టుకుంది. వాళ్ళు అల్లరితో, వాగుడుతో విసిగిస్తే గైడ్స్‌ని తెచ్చుకుంది. మడిచిన చీటీ ఒకటి గది చుట్టూ చేతులు మారాలి, ఎవరూ విప్పకూడదు. మా జట్టులో ఒకసారి మూడో చేతిలోనే విప్పేశారు. లోపల నేను రాసిన మాట: "విప్పావు కదూ?"

అమెరికా కథ క్లుప్తంగా చెప్పినా జూలియెట్ గోర్డన్ లో (Low) అనే ఆవిడని వదలకండి. సరిగా వినపడని మనిషి, పిల్లల్లేరు, యాభై దాటిన వయసు. 1912 మార్చి 12న సవానా ఊళ్ళో 18 మంది అమ్మాయిలతో అక్కడి గర్ల్ గైడ్స్ మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే పేరు గర్ల్ స్కౌట్స్‌గా మార్చింది. బాయ్ స్కౌట్స్ పెద్దలు ఆ పేరు మాది అని ఎంత గుంజుకున్నా ఇవ్వలేదు. డబ్బు చాలనప్పుడు తన ముత్యాల హారం అమ్మేసింది.

చివర్లో పటం మీద జబల్‌పూర్ చూపించండి. మన దేశంలో మొదటి గైడ్ కంపెనీ (పెట్రోళ్ళు కలిసిన పెద్ద జట్టు) అక్కడే, 1911లో. మొదట్లో యూరోపియన్ పిల్లలకే. ఎందుకు మేడమ్ అని అడుగుతారు, అడగనివ్వండి. 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో కలిసిందన్న దాకా వచ్చి ఆపేయండి. బెల్లు కొట్టాక ఇనీషియల్స్ కాగితాలు ఎవరివి వాళ్ళకి ఇచ్చి లాగ్ బుక్‌లో అంటించుకోమనండి. జిగురు మాత్రం ముందే తెచ్చి పెట్టుకోండి, నేను మూడుసార్లు మర్చిపోయాను.