ఫోన్ పిల్లల చేతికిచ్చాక – మూడో పాఠం: ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే బ్లాక్

రెండో పాఠంలో ఇచ్చిన ఇంటిపని పూర్తయిందా? వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో గ్రూప్స్ దగ్గర ‘మై కాంటాక్ట్స్’ పెట్టుకోమన్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పిల్లల పుట్టిన సంవత్సరం నిజంది ఉందో లేదో చూడమన్నాను. చాలా ఇళ్లలో తేడా ఈ రెండో దగ్గరే వస్తుంది. పదకొండేళ్లప్పుడు అకౌంట్ తెరవడానికి ఏదో ఒక సంవత్సరం వేసేస్తారు. ఆ లెక్కన టెన్త్ చదివే పిల్లాడు యాప్ దృష్టిలో ఇరవై ఏళ్లవాడు. మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చిన టీన్ అకౌంట్లలో, అంటే 18 ఏళ్లలోపు పిల్లల అకౌంట్లలో, కొన్ని రక్షణలు వాటంతటవే అమలవుతాయి. అకౌంట్ ప్రైవేటుగా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. తప్పుడు సంవత్సరం వేసిన పిల్లాడికి ఇవి దక్కకపోవచ్చు. ఇంకా చూడకపోతే ముందు ఆ ఐదు నిమిషాల పని ముగించుకుని రండి.

ఇవాళ్టి పాఠం జాగ్రత్తల గురించి కాదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒకరోజు పిల్ల ముఖం వాడిపోయి కనిపించింది, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది. ఆ మొదటి గంటలో ఏం చేయాలో నేర్చుకుందాం.

మొదటి మాట

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి సంగతి. స్కూల్ వార్షికోత్సవంలో డాన్స్ చేస్తుండగా ఎవరో ఫొటో తీశారు. కళ్లు సగం మూసుకుని, నోరు తెరిచి ఉన్న ఫొటో అది. దాన్ని స్టిక్కర్‌గా చేసి క్లాసు గ్రూపులో వదిలారు. ఎవరు ఏం మాట్లాడినా జవాబుగా ఆ స్టిక్కర్. పిల్ల కడుపునొప్పి అంటూ వరసగా బడి మానేస్తుంటే మేం డాక్టర్ దగ్గరికి తిప్పాం. చివరికి సంగతి బయటపడ్డ రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. కోపంలో ఫోన్ లాక్కుని, “నీకీ గ్రూపులన్నీ ఎందుకమ్మా?” అని అరిచి, ఆ గ్రూపులోంచి పిల్లను బయటికి తెచ్చి, చాట్ మొత్తం చెరిపేశాను.

రెండు నష్టాలు జరిగాయి. మర్నాడు స్కూలుకు వెళితే “ఏదండీ, చూపించండి” అన్నారు. చూపించడానికి ఏమీ మిగల్లేదు. రెండోది ఇంకా పెద్దది. ఆ తర్వాత చాలా నెలలు పిల్ల మాకు ఏ కష్టమూ చెప్పలేదు. తప్పు చేసింది వేరేవాళ్లు, ఫోన్ పోగొట్టుకున్నది తను. ఏ పిల్లయినా దాని నుంచి నేర్చుకునే పాఠం ఒకటే: ఇంకెప్పుడూ ఇంట్లో చెప్పకూడదని.

అందుకే ఈ పాఠంలో మొదటి నైపుణ్యం నోటిది. పిల్లలు నోరు విప్పిన వెంటనే వాళ్లకు వినపడాల్సింది ఇంతే: “చెప్పి మంచి పని చేశావు. ఫోన్ నీ దగ్గరే ఉంటుంది. ఇద్దరం కలిసి చూద్దాం.” ఇందులో రెండో వాక్యం అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని వదలకండి. “నువ్వేం చేశావు?”, “అలాంటి ఫొటో ఎందుకు పెట్టావు?”, “నిప్పు లేనిదే పొగ రాదు” లాంటివి ఆ రోజు నోట్లోంచి రాకూడదు. “పట్టించుకోకు, వాళ్లే ఊరుకుంటారు” అన్నదీ అంతే. బడిలో ఏడిపిస్తే ఇంటికొచ్చాక కాస్త ఊరట ఉండేది. ఇప్పుడు అది దుప్పట్లోకి కూడా వస్తోంది.

ఇది చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఎదురుగా నిలబడి చెప్పడం కష్టంగా ఉంటే చెప్పకు, రాసి ఇవ్వు. అమ్మకు ఒక మెసేజ్ పెట్టు: “నాకు ఒక ఇబ్బంది వచ్చింది. కోప్పడకుండా వింటానంటే చెప్తాను.” అమ్మానాన్నలకు చెప్పలేకపోతే పిన్నికో, మామయ్యకో, నమ్మకమున్న టీచర్‌కో పెట్టు. పెద్దవాళ్లలో ఒక్కరికి తెలిసినా నీ బరువు సగం దిగుతుంది.

ఆధారాలు దాచడం

ఇక చేతి పని. చెరిపేయాలని, వెంటనే బ్లాక్ చేయాలని చేతులు తహతహలాడతాయి. ఆగండి. పావుగంట చాలు.

స్క్రీన్‌షాట్‌లో మాటలు మాత్రమే ఉంటే సరిపోదు. ఎవరన్నారు, ఏ తేదీన, ఎన్ని గంటలకు అన్నవి కూడా కనిపించాలి. వాట్సాప్‌లో ఒక చిక్కుంది. నంబరు మీ ఫోన్‌లో ‘బంటి’ అని సేవ్ అయి ఉంటే స్క్రీన్‌షాట్‌లోనూ బంటి అనే పడుతుంది. ఆ బంటి ఎవరో పోలీసులకు ఏం తెలుసు? పేరు మీద నొక్కి, నంబరు కనిపించే పేజీని కూడా ఒక షాట్ తీయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పైన కనిపించే పేరును ఎవరైనా మార్చుకోవచ్చు. కాబట్టి యూజర్‌నేమ్ కనిపించేలా ప్రొఫైల్ షాట్ తీసి, ఆ ప్రొఫైల్ లింకును, పోస్టు లింకును కాపీ చేసి ఒక నోట్‌లో పెట్టుకోండి. స్టోరీ అయితే 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి దాన్ని ముందు తీయండి. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుంది, వాట్సాప్‌లో ఒక్కసారే చూసే ఫొటోలను అసలు తీయనివ్వదు. అలాంటప్పుడు ఇంకో ఫోన్‌తో తెరను ఫొటో తీయడమే దారి.

వాట్సాప్‌లో రిపోర్ట్ కొట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. అక్కడే బ్లాక్ చేసి చాట్ డిలీట్ చేయమంటారా అని అడిగే టిక్ ఉంటుంది. అది తీసేసి రిపోర్ట్ చేయండి, లేకపోతే దాచుకోవాల్సిందంతా మన చేత్తోనే పోతుంది.

ఈ షాట్లన్నీ పెద్దవాళ్ల ఫోన్‌లోకి మార్చుకోండి. పిల్లలు వాటిని మళ్లీ మళ్లీ తెరిచి చూసుకుంటూ కుమిలిపోకుండా ఉండటానికి ఇదొక మార్గం.

ఒక మినహాయింపు

పైన చెప్పిందంతా తిట్లకు, వెక్కిరింపులకు, ఫేక్ ఐడీలకు, బెదిరింపులకు. పిల్లల నగ్న చిత్రమో, మార్ఫింగ్ చేసిన అలాంటి చిత్రమో అయితే పద్ధతి మారుతుంది. ఆ చిత్రానికి కొత్త కాపీలు చేయకండి. సాయం అడగడానికైనా సరే, బంధువులకో టీచర్లకో పంపకండి. 18 ఏళ్లలోపు పిల్లల అలాంటి చిత్రాలను పంచడమూ, సేకరించడమూ ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కూడా వర్తిస్తుంది. బెదిరించిన మాటలు, ప్రొఫైల్, లింకు మాత్రం భద్రం చేసి, ఫోన్‌ను ఉన్నదున్నట్టుగా పోలీసుల దగ్గరికి తీసుకెళ్లండి. డబ్బులడిగితే ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఇచ్చినవాళ్లనే మళ్లీ అడుగుతారు.

ఇక్కడ ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ గురించి తెలుసుకోవాలి. అమెరికాలో తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం దీన్ని తెచ్చింది. మన పిల్లలూ వాడుకోవచ్చు. చిత్రం ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారై, అదొక్కటే వెళుతుంది. ఇందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటి సంస్థలు ఆ సంకేతంతో సరిపోయే చిత్రాలను తమ దగ్గర వెతికి తీసేయగలవు. చిత్రం తీసినప్పటికే 18 నిండి ఉంటే ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే సేవ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. టేక్ ఇట్ డౌన్‌లో పేరు చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క మాట ఎంతమంది పిల్లలకు ధైర్యమిస్తుందో ఆలోచించండి.

బ్లాకా, రెస్ట్రిక్టా?

ఆధారాలు దాచాక తలుపు మూయవచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్లయితే నేరుగా బ్లాక్ చేయండి. రోజూ ఎదురుపడే క్లాస్‌మేట్ అయితే ఇన్‌స్టాగ్రామ్‌లో రెస్ట్రిక్ట్ మెరుగని నా అభిప్రాయం. బ్లాక్ చేస్తే తెలిసిపోతుంది, ఇంకో ఐడీతో వస్తారు, బడిలో అదో గొడవవుతుంది. రెస్ట్రిక్ట్ చేస్తే వాళ్లకు ఏ కబురూ వెళ్లదు. వాళ్లు రాసిన కామెంట్ మనం ఒప్పుకుంటే తప్ప వాళ్లకే కనిపిస్తుంది, మెసేజ్ పక్కన రిక్వెస్టుల్లో పడుతుంది, మనం చదివామో లేదో వాళ్లకు తెలియదు.

ఎవరికి చెప్పాలి

తోటి పిల్లల వెక్కిరింపులైతే ముందు స్కూలు. నోటితో చెప్పి రాకుండా, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు జతచేసి హెడ్మాస్టర్‌కు ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పేరెంట్స్ గ్రూపులో ఆ అవతలి పిల్లాడి పేరు పెట్టి పోస్ట్ చేయవద్దు. అదీ ఒక పిల్లాడిని పదిమందిలో నిలబెట్టడమే.

బెదిరింపులు, వెంటపడటం, ఫేక్ ఐడీ, చిత్రాల విషయమైతే పోలీసులు. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు విడిగా ఒక విభాగం ఉంది, అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. “మా స్టేషన్ పరిధి కాదు” అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టంలో దానికి స్పష్టంగా చోటుంది. పిల్లలు తామే మాట్లాడాలనుకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098. తిండి మానేసి, నిద్రపోకుండా, “నేను లేకపోతే బాగుండు” లాంటి మాటలు అంటుంటే ఆధారాల సంగతి పక్కన పెట్టి, ముందు పిల్ల పక్కన ఉండండి, ఒంటరిగా వదలకండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ వారం ఇంటిపని

ఆదివారం అరగంట తీసుకోండి. తల్లి లేదా తండ్రి పిల్లాడిలా, పిల్లాడు తండ్రిలా మారాలి. “పిల్లాడు” వచ్చి “నాన్నా, నా ఫొటోతో ఎవరో ఫేక్ ఐడీ పెట్టారు” అనాలి. “తండ్రి” ఏమంటాడో వినండి. మీరు మామూలుగా ఎలా మాట్లాడతారో మీ పిల్లల నోట వినబడుతుంది. తర్వాత పాత్రలు మార్చుకుని, పైన చెప్పిన మూడు వాక్యాలతో మళ్లీ చేయండి.

తర్వాత ఇద్దరూ ఒకరికొకరు వాట్సాప్‌లో ఒక మామూలు మెసేజ్ పంపుకుని, నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఎన్ని షాట్లు పట్టాయో నోట్‌బుక్‌లో రాయండి. నాలుగో పాఠంలో అక్కడి నుంచే మొదలుపెడదాం. ఆ పాఠం, ఏడిపిస్తున్నది మన ఇంటి పిల్లే అని తెలిసినప్పుడు ఏం చేయాలో చెప్పేది.