మన్నాను పోల్చిన గింజ: పెరట్లో కొత్తిమీర ఎలా పెంచాలి?

ఎడారిలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా దొరికిన మన్నా ఎలా ఉండేదో చెప్పడానికి బైబిల్లోని నిర్గమకాండం 16వ అధ్యాయంలో వాడిన పోలిక కొత్తిమీర గింజ. అంటే మన ఇంట్లో ఉండే ధనియమే. ఆ వాక్యం చర్చిలో విన్న రోజే ఇంటికొచ్చి ఓ గుప్పెడు ధనియాలు కుండీలో చల్లాను. ఇరవై రోజులు నీళ్లు పోసినా ఒక్క మొలకా రాలేదు. అది మే నెల, పైగా ధనియాలు పగలగొట్టలేదు, వేలెడు లోతున పాతేశాను. మూడూ తప్పులే.

మా శ్రీకాకుళంలో దీనికి మంచి అదను దీపావళి వెళ్లాక. అక్టోబరును నమ్మడానికి లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనే వచ్చాయి. తుపాను దాకా ఎందుకు, గట్టి వాన ఒక్కటి పడినా దారంలాంటి మొలకలు నేలకు అంటుకుపోతాయి. కార్తీకంలో మొదలుపెట్టి జనవరి చివరిదాకా విత్తుకోవచ్చు. ఎండలు ముదిరాక వేస్తే ఆకు ఎదగకముందే పూతకొస్తుంది.

విత్తనాల ప్యాకెట్టే కొనక్కర్లేదు. వేయించని, పాతబడని ధనియాలైతే చాలు. చూడ్డానికి ఒకటే గింజలా ఉన్నా ధనియం నిజానికి కాయ, లోపల రెండు గింజలుంటాయి. గోనెసంచి మీద పరిచి అప్పడాల కర్రతో మెల్లగా దొర్లించండి. టిక్కుమని రెండు బద్దలవ్వాలి. పిండి రాలుతోందంటే చెయ్యి ఎక్కువ పడుతోందన్నమాట, ఆ ధనియాలు చారులోకి వాడేసుకోండి. బద్దల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే నీళ్లు వంపేసి, కాసేపు నీడలో ఆరనివ్వండి.

కుండీ ఎనిమిది అంగుళాల లోతు ఉండాలి. తల్లివేరు కిందికి దిగే మొక్క ఇది, ఒకచోట మొలిచాక పీకి ఇంకోచోట నాటితే కోలుకోదు. సగం ఎర్రమట్టి, మిగతా సగంలో ఇసుక, బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు) కలపండి. పచ్చి పేడ వద్దు, వేడికి వేర్లు మాడతాయి. అర అంగుళం లోతు గాళ్లు గీసి, బద్దలు పలచగా వేసి మట్టి కప్పండి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించండి. వారం పది రోజుల్లో మొలకలొస్తాయి, ఒక్కోసారి రెండు వారాలూ పట్టొచ్చు. కంగారుపడి తవ్వి చూడకండి.

పది రోజులకోసారి ఇంకో చిన్న కుండీలో వేస్తూ ఉంటే ఆకుకు లోటుండదు. మంచు పడే రోజుల్లో సాయంత్రాలు ఆకు తడపకండి, తెగుళ్లు పట్టుకుంటాయి. పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి కొట్టండి. కోసే ముందు నాలుగైదు రోజులు ఆగి, బాగా కడగండి.

నలభై రోజులకు కోతకొస్తుంది. వేళ్లతో సహా పీకేయకుండా బయటి కాడలు మాత్రం తుంచితే లోపలి నుంచి మళ్లీ చిగురిస్తుంది. కాడలు పారేయడం నాకైతే నచ్చదు. వాసనంతా అక్కడే ఉంటుంది, సన్నగా తరిగి పప్పులో వేయండి.

ఆకు సోంపు ఆకులా సన్నబడిందంటే పూతకొస్తోందని అర్థం. పాడైపోయిందని పీకేయకండి. తెల్లటి పూలకి తేనెటీగలు మూగుతాయి, తర్వాత పచ్చి కాయలు కడతాయి. వాటిని నాలుగు పచ్చిమిరపకాయలతో, కాస్త చింతపండు, ఉప్పు వేసి రోట్లో నూరి వేడన్నంలో కలుపుకోండి. కొత్తిమీర వాసన, ధనియం వాసన రెండూ ఒక ముద్దలోనే తగులుతాయి. మన్నాను కూడా రోట్లోనే దంచేవాళ్లని సంఖ్యాకాండం 11వ అధ్యాయంలో ఉంది.

నూరగా మిగిలినవి చెట్టునే గోధుమ రంగుకు తిరిగాక, కొమ్మలతో కోసి కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీయండి. ఎండినకొద్దీ వాటంతటవే రాలతాయి. అందులో ఓ గుప్పెడు తడిలేని సీసాలో పోసి, మూత మీద ‘కార్తీకం’ అని రాసి పెట్టుకోండి. లేకపోతే ఎవరో ఒకరు చారులో వేసేస్తారు.