జీసీసీ ‘మే బి యూజ్డ్ అన్‌ఇనిషియలైజ్డ్’ అంటోందా? సున్నా పెట్టే ముందు ఇది చూడండి

సమస్య: జీసీసీ అంటే సీ భాష కంపైలర్. దానితో చేసిన డీబగ్ బిల్డ్‌లో (తప్పులు వెతుక్కోవడానికి చేసేది) ఏ గొడవా ఉండదు. రిలీజ్ బిల్డ్‌కి (బయటికి ఇచ్చేది) వచ్చేసరికి ఫలానా వేరియబుల్‌కి విలువ ఇవ్వకుండానే వాడుతున్నారేమో అని వార్నింగ్ వస్తుంది. కోడ్ చూస్తే బాగానే ఉంటుంది.

ముందు వార్నింగ్ మొత్తం చదవండి. చాలామంది చదవరు. ‘ఈజ్ యూజ్డ్’ అని ఉంటే అది దాదాపు ఖాయంగా బగ్, వెళ్లి సరిచేయండి. ‘మే బి’ అని ఉంటేనే కింది సంగతులు. డీబగ్‌లో రాకపోవడంలో వింత లేదు. ఏ దారిలో వెళితే వేరియబుల్‌లో ఏముంటుందో జీసీసీ లెక్క చూసేది ఆప్టిమైజేషన్ (ప్రోగ్రామ్ వేగంగా నడిచేలా మలచడం) ఆన్ చేసినప్పుడే, అంటే మామూలుగా రిలీజ్ బిల్డ్‌లోనే.

అసలు కారణం: ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. డిస్కౌంట్ ఉందని చెప్పే గ్లోబల్ ఫ్లాగ్ (ఏ ఫంక్షనైనా మార్చగల అవును/కాదు వేరియబుల్) ఒకటి. అది నిజమైతే రేటు లెక్కకడతారు. మధ్యలో లాగ్ రాసే ఫంక్షన్‌ని పిలుస్తారు. తర్వాత మళ్లీ అదే ఫ్లాగ్ చూసి రేటు వాడతారు. మన కంటికి రెండు ఇఫ్‌లూ జంట. కానీ లాగ్ ఫంక్షన్ వేరే ఫైల్లో ఉంది, అది ఏం చేస్తుందో కంపైలర్‌కి కనబడదు. అది ఫ్లాగ్‌ని నిజం చేసేస్తే రెండో ఇఫ్ చెత్త విలువని వాడుతుంది. ఇవాళ ఆ ఫంక్షన్ అలా చేయదు, కాబట్టి కోడ్ సరైనదే. రేపు దాన్లో ఇంకొకరు ఒక్క లైను చేర్చినా సరైనది కాదు. ఆ సంగతి కంపైలర్ ముందే చెబుతోంది, అందుకే ఈ వార్నింగ్ ఉండి తీరాలంటాను.

ఇక్కడ అందరూ చేసే పని, రేటుకి మొదట్లోనే సున్నా ఇవ్వడం. వార్నింగ్ పోతుంది, బగ్‌కి దారి మిగిలే ఉంటుంది. రేపు ఆ లైను చేరిన రోజు సున్నా రేటుతో బిల్లు వెళ్లిపోతుంది. ఇలాంటి తప్పుల్ని ప్రోగ్రామ్ నడుస్తుండగా వెతికే వాల్‌గ్రైండ్ కూడా పట్టుకోదు, ఎందుకంటే వేరియబుల్‌లో ఏదో ఒక విలువ ఉంది కదా! సున్నాయే సరైన జవాబైతే తప్ప సున్నా పెట్టకండి.

పరిష్కారం: ఫ్లాగ్‌ని ఫంక్షన్ మొదట్లోనే ఒక లోకల్ కాన్‌స్ట్‌లోకి (ఆ ఫంక్షన్‌లోనే ఉండే, మారని విలువ) తీసుకోండి, రెండు ఇఫ్‌లూ దాన్నే చూడాలి. మధ్యలో పిలిచే ఫంక్షన్ దాన్ని ముట్టుకోలేదు. వీలైతే రెండు ఇఫ్‌లనీ కలిపేయండి, ఇంకా మంచిది.

ఈనమ్ (అంకెలకి పేర్లు పెట్టిన రకం) మీద స్విచ్ రాసినప్పుడు కూడా ఇదే వస్తుంది. పేర్లన్నిటికీ కేసులు రాసినా, సీ భాషలో ఆ వేరియబుల్‌లో వేరే అంకె ఉండొచ్చు. డీఫాల్ట్ (మిగతా అన్నిటికీ వర్తించే కేసు) పెట్టకండి, పెడితే రేపు కొత్త పేరు చేరినప్పుడు దానికి కేసు రాయలేదని చెప్పే స్విచ్ వార్నింగ్ రాదు. ప్రతి కేసులోనూ రిటర్న్ చేసి, స్విచ్ కింద అబార్ట్ (ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపేసే ఫంక్షన్) పిలవండి.

సెట్‌జంప్ (ఒక ఫంక్షన్ నుంచి వెనక్కి దూకే సీ సదుపాయం) చిక్కులు, కంపైలర్ సొంత పొరపాట్లు అరుదు. నిజంగా అవే అయితే ప్రాగ్మాతో (కోడ్‌లోనే కంపైలర్‌కి రాసే సూచన) వార్నింగ్‌ని ఆ ఒక్క చోటే ఆపి, ఎందుకో కామెంట్ రాయండి. మేక్‌ఫైల్లో (బిల్డ్ సూచనలుండే ఫైలు) మొత్తానికి ఆపేయొద్దు. వార్నింగ్‌లని ఎర్రర్‌లుగా చూసే సెట్టింగ్ వల్ల పాత కోడ్ బిల్డ్ కాకపోతే, ఈ ఒక్కదానికే ఆ సెట్టింగ్ తీసేయండి. వార్నింగ్ మాత్రం కనబడుతూనే ఉంటుంది.