మజిల్‌లోడర్ రైఫిల్: కొనే ముందు, తయారుచేసుకునే ముందు, విప్పే ముందు

మజిల్‌లోడర్ అమ్మేవాళ్లు ముందుగా చూపించేది చెక్క మీది చారలు, ఇత్తడి పనితనం, తళతళలాడే లాక్ (ట్రిగ్గర్ నొక్కితే మందును అంటించే యంత్రం). కొనేవాళ్ల చూపూ అక్కడే ఆగిపోతుంది. కానీ మూతి నుంచి మందు, గుండు దట్టించి పేల్చే రైఫిల్‌లో అసలు సంగతంతా బ్యారెల్ వెనక చివర మూడు నాలుగు అంగుళాల్లోనే ఉంటుంది. మందు పేలేది అక్కడ, తుప్పు ఎక్కువగా తినేసేది అక్కడ, గురిపెట్టినప్పుడు మీ ముఖం ఉండేదీ దానికి జానెడు దూరంలోనే. కాబట్టి పరీక్ష వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు రండి. చెక్క స్టాక్ పగిలితే అతికించుకోవచ్చు. ఆ వెనక చివర, అంటే బ్రీచ్, పాడైతే ఎంత అందమైన రైఫిల్ అయినా గోడకు తగిలించుకోవడానికే.

అన్నిటికంటే ముందు అది ఖాళీగా ఉందో లేదో తేల్చుకోవాలి. కార్ట్రిడ్జ్ తుపాకీని తెరిచి చూస్తే చాలు, దీన్ని అలా తెరవలేం. "తాతల నాటిది, ఎన్నో ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు" అని చెప్పారంటే మరీ జాగ్రత్త. తడి తగలని బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీమందు) నూరేళ్ల తర్వాత కూడా పేలగలదు. 1863లో, అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక మైదానంలో ఏరిన 27 వేలకు పైగా తుపాకుల్లో దాదాపు 24 వేలు దట్టించే ఉన్నాయని, వాటిలో సగానికి పైగా తుపాకుల్లో ఒకదాని మీద ఒకటి దట్టించారని అప్పటి లెక్క. యుద్ధం చేస్తున్నవాడికే తన తుపాకీలో ఏముందో తెలియనప్పుడు, అమ్మేవాడి మాట మీద ఎంత ఆధారపడతాం?

చూసే పద్ధతి తేలికే. నిపుల్ (దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న క్యాప్‌ను తొడిగే గొట్టం) మీద క్యాప్ లేదని, చెకుముకి రాతితో అంటించే ఫ్లింట్‌లాక్ అయితే ప్యాన్‌లో (బ్యారెల్ పక్కనుండే చిన్న పళ్లెంలో) మందు లేదని ముందు చూసుకోండి. మూతిని మనుషులు లేని వైపు తిప్పి, ముఖమూ చేతులూ దానికి ఎదురు రాకుండా పక్కన నిలబడి, రాడ్‌ను నెమ్మదిగా అడుగు దాకా దించండి. మూతి దగ్గర రాడ్ మీద గుర్తు పెట్టండి. బయటికి తీసి, అదే గుర్తును మూతికి సరిపెట్టి, బ్యారెల్ పక్కన పొడుగ్గా ఆనించండి. కొస టచ్ హోల్ (నిప్పు లోపలికి పోయే చిన్న రంధ్రం) దాకా, లేదా నిపుల్ దాకా రావాలి. .50 క్యాలిబర్‌లో (అర అంగుళం రంధ్రం) 70 గ్రెయిన్ల (దాదాపు నాలుగున్నర గ్రాముల) మందూ గుండూ కలిసి దాదాపు రెండు అంగుళాల జాగా తీసుకుంటాయి. కాబట్టి రాడ్ అంత ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే. కొన్ని రైఫిళ్లలో బ్రీచ్ లోపల సన్నటి మందు గది ఉంటుంది, అందువల్ల కొంచెం తేడా మామూలే. ఇత్తడి కొస ఉన్న రాడ్‌ను ఖాళీ బ్యారెల్‌లో మెల్లగా జారవిడిస్తే ఇనుముకు తగిలి ఖంగుమంటుంది. సీసపు గుండుకు తగిలితే దబ్‌మని మొద్దుగా వినిపిస్తుంది. చప్పుడును మాత్రమే నమ్ముకోకండి. దట్టించి ఉందనిపిస్తే డ్రిల్ పెట్టడం, వేడి చేయడం, "ఒకసారి పేల్చేసి ఖాళీ చేద్దాం" అనుకోవడం వద్దు. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు ముందే విషయం చెప్పి, ఆయన చేత ఖాళీ చేయించండి.

ఖాళీ అని తేలాక బ్యారెల్ లోపలికి చిన్న ఎల్ఈడీ లైటు జారవిడిచి చూడండి. లోపల గోడ మీద ఉంగరంలా నీడ కనిపిస్తే అక్కడ బ్యారెల్ ఉబ్బినట్టు. గుండును మందు మీదికి పూర్తిగా దించకుండా, మధ్యలో ఖాళీ వదిలి పేల్చినప్పుడు ఇలా అవుతుంది. ఆ తర్వాత నూనె రాసిన బిగుతు గుడ్డ ప్యాచ్‌ను రాడ్‌తో తోయండి. చెయ్యి చాలా చెబుతుంది. ఒకేలా బిగుతుగా వెళితే మంచిది. ఒకచోట ఉన్నట్టుండి వదులైతే ఉబ్బు, గరగరమంటూ పట్టుకుంటే గుంటలు. ప్యాచ్ చిరిగి వచ్చిందా, ఎర్రగా వచ్చిందా కూడా చూడండి. మూతి అంచు దగ్గర, గుండును తిప్పే మెలి గాడులు అరిగిపోతే గురి పోతుంది గానీ ప్రాణానికి ప్రమాదం లేదు, బేరానికి పనికొస్తుంది. బ్రీచ్ దగ్గర లోతైన గుంటలుంటే మాత్రం బేరమే వద్దు.

ఇక బయటి నుంచి బ్రీచ్. బ్యారెల్ వెనక చివరను మూసే ప్లగ్, బ్యారెల్ కలిసేచోట సన్నటి గీత తప్ప ఇంకేమీ కనిపించకూడదు. అక్కడ నల్లటి మసి కారిన జాడ ఉంటే పేలుడు వాయువు బయటికి వస్తోందని అర్థం. ప్లగ్ మీద రెంచి పళ్ల గాట్లు కనిపిస్తే ఎవరో సగం తెలిసినవాళ్లు విప్పి బిగించారన్నమాట. పాత ఫ్లింట్‌లాక్‌లను తర్వాత క్యాప్‌తో పేలే పెర్కషన్‌కు మార్చినవి చాలా ఉన్నాయి. బ్యారెల్ పక్కన చిన్న డ్రమ్ బిగించి దానిలో నిపుల్ పెట్టేవారు. ఆ డ్రమ్ మర అరిగితే పేల్చినప్పుడు ఊడి పక్కకు దూసుకెళుతుంది. చేత్తో కదిపితే రవ్వంత కదిలినా దాన్ని పేల్చే ఆలోచన మానుకోండి.

నిపుల్ విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. కొన్ని రైఫిళ్లకు పావు అంగుళం మర, మరికొన్నిటికి 6 మి.మీ. మర. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. అంటే 6 మి.మీ. నిపుల్ పెద్ద రంధ్రంలో పట్టినట్టే అనిపించి, పేలినప్పుడు ఊడి మీ కంటి వైపే రావచ్చు. కొత్త నిపుల్ కొనే ముందు పాతదాన్ని కొలిపించండి.

లాక్ పరీక్ష రెండు నిమిషాల పని. హామర్‌ను (కొట్టే భాగాన్ని) సగం వెనక్కి లాగి హాఫ్ కాక్‌లో పెట్టి ట్రిగ్గర్ నొక్కితే పడకూడదు. పూర్తిగా లాగి ఫుల్ కాక్‌లో పెట్టి బొటనవేలితో ముందుకు తోసినా జారకూడదు. నిపుల్ మీద ఇనుము ఇనుముకు కొట్టుకోకుండా, హామర్‌ను పట్టుకుని మెల్లగా దించండి. ఫ్లింట్‌లాక్‌లో చెకుముకి రాయి గీసుకునే ఉక్కు రేకు, ఫ్రిజెన్, గట్టిగా లేకపోతే రవ్వలు రావు. లాక్‌ను గట్టిగా ఆడించి రవ్వలు ప్యాన్‌లో పడుతున్నాయో లేదో చూస్తే తెలిసిపోతుంది.

పాత నమూనాకు కొత్తగా చేసిన నకలు కొనేవాళ్లకు ఇన్ని తలనొప్పులు ఉండవు. ఇటలీ రైఫిల్ అయితే బ్యారెల్ మీద ప్రూఫ్ ముద్రలు (పరీక్షలో నెగ్గిందని కొట్టే ముద్రలు) వెతకండి. పీఎన్ అని ఉంటే బ్లాక్ పౌడర్‌కు పరీక్షించారని అర్థం. ఏం కాల్చాలో ముందే అనుకుని గాడుల చుట్టు ఎంచుకోండి. గుండ్రటి గుండుకు 66 అంగుళాలకు ఒక చుట్టు లాంటి నెమ్మది తిప్పుడు, పొడుగు బుల్లెట్లకు 28 అంగుళాలకు ఒకటి లాంటి వేగపు తిప్పుడు. 48 అంటే రెండిటికీ మధ్యస్థం. చట్టం సంగతి కూడా కొనే ముందే కనుక్కోండి. అమెరికా ఫెడరల్ చట్టంలో చాలా మజిల్‌లోడర్లు పురాతన ఆయుధాల కింద వస్తాయి గానీ రాష్ట్రాల నియమాలు వేరు. భారత్‌లో వాటికీ లైసెన్స్ కావాలి.

సొంతంగా రైఫిల్ తయారుచేసుకునేవాళ్లు డబ్బు బ్యారెల్, లాక్ మీద పెట్టండి, మిగతాదాంట్లో పొదుపు చేసుకోండి. చౌక కిట్‌లో లాక్ బాగాలేకపోతే మీ చెక్కపని ఎంత బాగున్నా వృథా. పైపు ముక్కతోనో, దొరికిన ఇనుప గొట్టంతోనో బ్యారెల్ చేద్దామనే ఆలోచన అసలు వద్దు. టచ్ హోల్ రంధ్రం ప్లగ్ మరల్లోకి దూసుకుపోకూడదు, కాబట్టి ప్లగ్ ఎంత లోతు వచ్చిందో కొలిచాకే డ్రిల్ పట్టుకోండి.

పాతదాన్ని బాగు చేయాలనుకుంటే మొదటి సలహా, తక్కువ చేయండి. పాత పొడుగు రైఫిళ్ల బ్యారెళ్లను ఇనుప పట్టీని చుట్టి, అతుకు కాల్చి చేసేవారు. ఆ అతుకు లోపల ఎలా ఉందో పై నుంచి తెలియదు. ప్రూఫ్ సౌకర్యం గానీ, అనుభవమున్న గన్‌స్మిత్ గానీ పరీక్షించి సరేనంటేనే పేల్చాలి. బయటి తుప్పుకు నూనె, మెత్తటి ఉక్కు ఊలు చాలు. బఫింగ్ వీల్ పెట్టి మెరిపిస్తే అక్షరాలు, ముద్రలు, వాటితో పాటే విలువా పోతాయి. స్క్రూ గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ లేనిదే ఒక్క మరా విప్పకండి. పట్టకపోతే నూనె వేసి ఒకటి రెండు రోజులు వదిలేయండి.

మందు విషయంలో రాజీ లేదు. తయారీదారు రాసిన మేరకు బ్లాక్ పౌడర్ లేదా దాని ప్రత్యామ్నాయం మాత్రమే వాడాలి. ఆధునిక తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ కొంచెం వేసినా బ్యారెల్ పగలగలదు. మందును నిల్వ ఉంచిన కొమ్ములోంచి నేరుగా మూతిలోకి పోయకండి, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే కొమ్మంతా చేతిలో పేలుతుంది. చిన్న కొలతపాత్రలోకి తీసి పోయాలి. కొత్తగా కట్టిన లేదా బాగుచేసిన రైఫిల్‌ను మొదటిసారి పేల్చేటప్పుడు బరువైన చట్రానికి కట్టి, గట్టి అడ్డం వెనక నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగండి. తర్వాత ప్లగ్, డ్రమ్, నిపుల్ మళ్లీ చూడండి. పేల్చిన రోజే నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పట్టించాలి. మసి గాలిలోని తేమను పీల్చుకుని ఒక్క రాత్రిలోనే తుప్పు మొదలుపెడుతుంది. మర్నాడు ఇంకో పొడి ప్యాచ్ దించి చూసి, అది గోధుమ రంగులో వస్తే మళ్లీ కడగండి.