మిగిలిన బీఫ్ స్టూతో లుఖ్మీ: నూనెలో ఎందుకు విచ్చుకుంటుంది?

రాత్రి మిగిలిన బీఫ్, కూరగాయల స్టూని కూరి లుఖ్మీ (చదరంగా ఉండే హైదరాబాదీ సమోసా) చేస్తే, నూనెలో పడగానే అంచు విడిపోయి గ్రేవీ చిమ్ముతుంది. అదే స్టూని పరోటాలో పెడితే వత్తుతుండగానే పిండి చిరుగుతుంది. అందరూ తప్పు పిండి మీదికి నెడతారు. మైదా ఇంకాస్త కలుపుతారు, అంచులు మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. పిండిలో ఏ లోపమూ లేదు. తప్పంతా లోపలి కూరలో ఉంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన స్టూలో చెంచా గుచ్చితే నిలబడుతుంది. ఆ గట్టిదనాన్ని నమ్మే నేను చాలాసార్లు నూనె, మాంసం రెండూ పాడుచేసుకున్నాను. ఎముకకు అంటుకున్న మాంసం గంటల తరబడి ఉడికితే అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్ జెలటిన్‌గా మారి గ్రేవీలోకి దిగుతుంది. చల్లబడితే అది జున్నులా గడ్డకడుతుంది. సుమారు 35 డిగ్రీలకే, అంటే మన ఒంటి వేడికే, మళ్ళీ కరిగి నీరవుతుంది. కాగిన నూనెలో ఆ నీరు ఆవిరై, బయటికి దారి కోసం అంచును చీల్చుకుంటుంది.

కాబట్టి కూరే ముందు ఒక చెంచా స్టూ వేడి చేసి, పళ్ళెంలో వేసి వంచి చూడండి. నీరు విడిగా పారితే అది ఇంకా కూరడానికి పనికిరాదు. నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను దయచేసి మానకండి.

నీరు పారితే ఇలా చేయండి. స్టూ మొత్తం వేడి చేసి చిల్లుల గిన్నెలో వడకట్టండి. మాంసం వేడిగా ఉండగానే పోగులు పోగులుగా విడదీయండి, క్యారెట్, బంగాళాదుంప మెదపండి. గ్రేవీని వెడల్పాటి మూకుడులో విడిగా మరిగించండి. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత వెంటనే పూడిపోకూడదు, అంతవరకూ దించవద్దు. అప్పుడు అన్నీ కలిపి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉండగానే కూరండి. గ్రేవీ ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది కనుక ఉప్పు చివరిదాకా వేయకండి. అప్పటికే ఎక్కువైతే విడిగా ఉడికించిన బంగాళాదుంప మరో రెండు మెదిపి కలపండి.

ఇంత ఓపిక లేకపోతే లుఖ్మీ మానేసి, గ్రేవీని ఎసరు నీళ్ళలో కలిపి అన్నం వండండి, ముక్కలు చివర్లో వేయండి. అది కూడా చాలా రుచిగా ఉంటుంది.

మళ్ళీ వేడి చేస్తే మాంసం పీచులా అవుతోందంటే మంట ఎక్కువైనట్టు. మూత పెట్టి సన్న సెగన వేడెక్కించాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టిన బంగాళాదుంప స్పంజిలా అవడం మామూలే, మెదిపితే తెలియదు.

పులుపు వాసన, నురగ కనిపిస్తే మాత్రం మసాలాతో కప్పిపుచ్చవద్దు, పారేయండి. స్టూ వండిన 2 గంటల్లోపు లోతు తక్కువ గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. 3, 4 రోజుల్లో వాడేయాలి.