రెగే కీబోర్డు – 4వ పాఠం: ‘త’ దగ్గర చెయ్యి ఆపడం

పోయిన పాఠంలో రెగే (జమైకాలో పుట్టిన పాటల బాణీ)లోని స్కాంక్ పట్టుకున్నాం. తకధిమిలో ‘ధి’ దగ్గర కుడిచేత్తో కార్డ్ (ఒకేసారి నొక్కే మూడు స్వరాలు) తాకి వెంటనే చెయ్యి లేపేయడం, అంతే. అది ఇంకా కుదరనివాళ్లు ఈ పాఠం పక్కన పెట్టి ఇంకో రెండు రోజులు దాని మీదే కూర్చోండి. ఇవాళ్టి బబుల్‌కి అదే పునాది.

బబుల్ అంటే ఆర్గన్ చేసే పని. సన్నటి సెగ మీద నీళ్లు కుతకుతమన్నట్టు పాట అడుగున నడుస్తూ ఉంటుంది. విడిగా వినబడదు. ఆపేస్తే మాత్రం ఏదో పోయిందని తెలిసిపోతుంది.

ముందు కీబోర్డులో ఆర్గన్ టోన్ పెట్టండి. రివర్బ్ (గది మోత లాంటి ఎఫెక్ట్) తీసేయండి. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ ఉంటే కాలికి అందనంత దూరం జరపండి. ఇప్పుడు తకధిమి నెమ్మదిగా పైకి అంటూ ఇలా వాయించాలి: ‘త’ దగ్గర ఖాళీ, ‘క’ ఎడమ చెయ్యి, ‘ధి’ కుడి చెయ్యి, ‘మి’ మళ్లీ ఎడమ చెయ్యి. రెండు తకధిమిలు కలిస్తే ఒక బార్.

కార్డులు రెండే. మొదటిది ఎ మైనర్, అంటే కుడిచేతిలో ఎ, సి, ఇ. రెండోది డి మైనర్. దానికి చెయ్యి ఎత్తి డి మీదకి దూకకండి. బొటనవేలు ఎ మీదే ఉంచి, మిగతా రెండు వేళ్లనీ పక్క తెల్ల మెట్టుకి జరపండి: ఎ, డి, ఎఫ్. ఎడమచేత్తో అవే స్వరాలు ఒక స్థాయి కింద, కుడిచేతి కంటే మెత్తగా. ఒక్కో కార్డ్ ఒక్కో బార్.

మెట్రోనోమ్ (లయకి క్లిక్‌లు కొట్టే యంత్రం) నిమిషానికి 50 క్లిక్‌లకి పెట్టి, క్లిక్ ‘త’ మీద పడేలా చూసుకోండి. అంటే క్లిక్ వినబడ్డప్పుడల్లా రెండు చేతులూ గాల్లో ఉండాలి. ఇక్కడే అందరం తప్పుతాం. నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో వాయించి వచ్చినవాణ్ణి. అక్కడ ఖాళీ కనబడితే నింపేయడమే గొప్ప. అందుకని నెలరోజుల పాటు ‘త’ మీద చెయ్యి దానంతటదే పడిపోయేది. చివరికి ‘త’ అన్నప్పుడల్లా ఊపిరి లోపలికి పీల్చడం మొదలుపెట్టాను. దాంతో కుదిరింది.

ఎందుకు వదలాలీ అంటే, ఆ చోటు వేరేవాళ్లది. బార్‌లో మొదటి ‘త’ దగ్గర డ్రమ్మరు కూడా కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కొట్టడు. రెండో ‘త’ మీద కిక్, స్నేర్ (పుల్లతో కొట్టే చిన్న డ్రమ్) కలిపి వేస్తాడు. వన్ డ్రాప్ అనేది దీన్నే. మీరు అక్కడ దూరితే ఆ దెబ్బకి బరువు పోతుంది.

ఈ వదలడం అనే పనితోనే ఒక జీవితం నడిపినవాడు ఆగస్టస్ పాబ్లో. అసలు పేరు హొరేస్ స్వాబీ, జమైకాలోని కింగ్‌స్టన్‌లో పెరిగాడు. స్టూడియోల్లో పియానో, ఆర్గన్, క్లావినెట్ (ఒకరకం ఎలక్ట్రిక్ కీబోర్డు) వాయించేవాడు. పేరు తెచ్చింది మాత్రం మెలోడికా. నోటితో గాలి ఊదుతూ మెట్లు నొక్కే చిన్న వాద్యం, బడిపిల్లలకి సంగీతం నేర్పడానికి వాడేది. లోపల ఉండేవి మన హార్మోనియంలో ఉండేలాంటి రీడ్‌లే. దాన్ని తెచ్చి మైనర్ స్వరాల్లో, వాక్యానికీ వాక్యానికీ మధ్య బోలెడంత చోటు వదిలి వాయించాడు. 1970ల మొదట్లో ‘జావా’తో జనం గుర్తుపట్టారు. ఆ ధోరణిని ‘ఫార్ ఈస్ట్’ అన్నారు. మీరు ఇప్పుడు వాయిస్తున్న ఎ మైనర్ స్కేలులో ఉన్నవి మన నఠభైరవి స్వరాలే, కాబట్టి చెవికి కొత్తేమీ కాదు. గమకాలు మాత్రం వెయ్యకండి, చెడిపోతుంది.

తర్వాత రాకర్స్ అని సొంత రికార్డు లేబుల్ పెట్టి ప్రొడ్యూసర్ అయ్యాడు. హ్యూ మండెల్ అనే కుర్రాడితో ఆల్బమ్ చేసినప్పుడు ఆ గాయకుడికింకా ఇరవై ఏళ్లు కూడా లేవు. పాబ్లో చేసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1976లో వచ్చిన ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’. పాబ్లో రికార్డు చేసిన ట్రాకుల్ని రేడియోలు బాగుచేసే పని నుంచి సౌండ్ ఇంజనీరైన కింగ్ టబ్బీ డబ్‌గా, అంటే పాటలోని ముక్కల్ని తీసేస్తూ ఎకో కలుపుతూ, మిక్స్ చేశాడు. టైటిల్ ట్రాక్‌లో జేకబ్ మిల్లర్ గొంతు ఒక ముక్క వినబడి ఎకోలో కరిగిపోతుంది. గొంతు పోయాక బేస్, డ్రమ్స్ ముందుకొస్తాయి. గాయకుడి గొంతునే సగంలో కోసి పారెయ్యడానికి ప్రొడ్యూసర్ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మనమైతే గాయకుడితో గొడవే.

ఈ వారం పని. మెట్రోనోమ్ 50 నుంచి రోజుకి కొంచెం పెంచుతూ 70 దాకా తీసుకెళ్లండి. అక్కడ పట్టు చిక్కాక ఫోన్‌లో పదహారు బార్లు రికార్డు చెయ్యండి. మొదటి ఎనిమిదీ బబుల్ మామూలుగా. తొమ్మిదో బార్‌లో పూర్తిగా ఆపేసి, రెండు బార్లు లోపలే తకధిమి లెక్కపెట్టుకుని, పదకొండో బార్ ‘క’ మీద తిరిగి రండి. విన్నప్పుడు చూడాల్సింది ఒక్కటే: తిరిగొచ్చేటప్పుడు తొందరపడ్డారా లేదా. తొందరపడతారు. మొదటిసారి అందరం పడ్డాం.

ఐదో పాఠంలో ఎడమచేత్తో బేస్ లైన్. అందాకా కుడిచేతి బొటనవేలు ఎ మీద నుంచి కదలకుండా చూసుకోండి.