టీ డ్రమ్ము గ్యాలన్ల లెక్క ఇలా తేలింది

ఇంగ్లండ్‌లో మా తెలుగువాళ్ల ఉగాదికి టీ పెట్టే పని ఈసారి నాకు పడింది. హాల్లోని పాత టీ డ్రమ్ము మీద లీటర్లు లేవు, 4 గ్యాలన్లు అని మాత్రమే ఉంది. స్ప్రెడ్‌షీట్‌లో కన్వర్ట్ ఫంక్షన్ వేస్తే 15.14 లీటర్లు వచ్చింది. పాలు ఎన్ని కావాలో చూసేటప్పుడు అనుమానం వచ్చింది. ఇక్కడి పాల డబ్బా మీద 4 పింట్లు, పక్కనే 2.272 లీటర్లు అని రాసి ఉంటుంది. షీట్ మాత్రం 4 పింట్లంటే 1.89 అంటోంది!

సంగతేంటంటే, మామూలు గ్యాలన్, పింట్ కోడ్‌లు వేస్తే ఆ ఫంక్షన్ అమెరికా కొలతలు తీసుకుంటుంది. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్‌ది 4.546. కోడ్‌కు ముందు 'యూకే', ఒక అండర్‌స్కోర్ చేర్చగానే 18.18 వచ్చింది. మూడు లీటర్ల తేడా అంటే చాలామందికి టీ!

బ్రిటిష్‌వన్నీ పెద్దవే కదా అని అన్నిటినీ 1.2తో గుణించకండి. గ్యాలన్, పింట్‌లకు అది సరిపోతుంది, ఔన్సుకు కాదు. బ్రిటిష్ పింట్‌కు 20 ఔన్సులు, అమెరికా పింట్‌కు 16. కానీ విడిగా చూస్తే బ్రిటిష్ ఔన్సే చిన్నది: 28.4 మిల్లీలీటర్లు. అమెరికాది 29.6. డల్లాస్ నుంచి మా వదిన పంపిన మసాలా టీ కొలతలు ఔన్సుల్లోనే ఉన్నాయి. వాటిని 29.6తోనే గుణించాను.